పడేవాడి కోసం కట్టిన విద్య

శంషాబాద్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు విమానం చప్పుడు పిచ్చుక చప్పుడుతో సమానం. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు మొదలైనప్పుడు మిద్దెలెక్కి చూసిన పిల్లలు ఇప్పుడు తలెత్తి కూడా చూడరు. నేను మాత్రం ఇప్పటికీ ఆగి చూస్తాను. ఎగిరేవాటిని కాదు, దిగేవాటిని. అంత బరువైన లోహం ఆకాశం నుంచి వచ్చి, నేలను తాకబోయే ముందు ముక్కు కాస్త పైకెత్తుతుంది. వెనక చక్రాలు ముందు ఆనుతాయి. సన్నగా పొగ లేస్తుంది. ముక్కు కింది చక్రం నింపాదిగా వాలుతుంది. ఆ తర్వాత చాలా దూరం పరుగు. ఇక్కడి పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. వచ్చిన వేగాన్నంతా ఒక్కచోట కుమ్మరించకుండా దారి పొడవునా పరిచి ఖర్చు చేయడానికి చాలా నేల కావాలి.

దిగడాన్ని ఇలా చూడటం నాకు ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య నేర్చుకోవడం మొదలుపెట్టాక అలవాటైంది. ఆ విద్యలో మొదటి పాఠం కొట్టడం కాదు, పట్టడమూ కాదు. పడటం. జపనీయులు దాన్ని ఉకెమి అంటారు. ‘ఉకె’ అంటే స్వీకరించడం, ‘మి’ అంటే ఒళ్లు. వచ్చినదాన్ని ఒంటితో స్వీకరించడం అన్నమాట.

ముందుకు పడే పద్ధతినే చూడండి. చేతిని విల్లులా గుండ్రంగా చాస్తాం. చిటికెన వేలి వైపు అంచు ముందుగా మ్యాటును తాకుతుంది. అక్కడి నుంచి ముంజేయి, మోచేయి, భుజం వెనక కండ. ఆపైన వీపు మీదుగా ఏటవాలుగా దిగి, రెండో వైపు పిరుదు దాకా. భుజాన సంచి అడ్డంగా తగిలించుకుంటే దాని పట్టీ వీపు మీద ఏ దారిన పోతుందో సరిగ్గా ఆ దారి. గడ్డం రొమ్ముకు ఆని ఉంటుంది, చూపు నడుముకట్టు ముడి మీద ఉంటుంది. తల ఎక్కడా నేలను తాకదు. వెన్నుపూస నిట్టనిలువుగా నేలకు కొట్టుకోదు. ఆ దొర్లుడు ఊపుతోనే మనిషి లేచి నిలబడి, వెనక్కి తిరిగి, పడేసిన వాడికి ఎదురుగా ఉంటాడు. ఒక్క ఎముక మీద పడాల్సిన బరువు చిటికెన వేలి నుంచి పిరుదు దాకా ఉన్న మెత్తని దారిలో అరిగిపోతుంది. మనిషి ఒంటి మీదే ఒక రన్‌వే ఉంది. అది ఎక్కడుందో కనిపెట్టినవాళ్ల పనితనానికి నేను ప్రతి సాయంత్రం మనసులో దండం పెట్టుకుంటాను.

మొదటి రెండు నెలలు నా కుడి భుజం మొన మ్యాటుకు తగులుతూనే ఉండేది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయేవాణ్ణి. తప్పు భుజానిది కాదు. భయంతో చివరి క్షణంలో మోచేయి మడిచేస్తున్నాను. బండి చక్రానికి ఒకచోట సొట్ట పడితే ప్రతి చుట్టుకూ అక్కడే కుదుపు వస్తుంది కదా, అలాగ. కొత్తవాళ్లు పడితే బియ్యం బస్తా దించిన చప్పుడు. చేయి తిరిగినవాళ్లు దొర్లితే చుట్టిన చాప విప్పిన చప్పుడు. కళ్లు మూసుకుని కూర్చున్నా ఎవరు ఎన్నేళ్లుగా సాధన చేస్తున్నారో చెవితో పోల్చుకోవచ్చు.

పడటం ఇంత శ్రద్ధగా నేర్పే విద్య మనకు కొత్తేమీ కాదు. ఇక్కడి నుంచి పాతబస్తీ దారి పడితే బార్కస్ వైపు కుస్తీకి పెట్టింది పేరు. తాలీంలో, అంటే కుస్తీ సాధన చేసే చోట, ఎర్రమట్టిని తవ్వి, నూనె కలిపి, పిండిలా మెత్తగా చేసుకుని గానీ పహిల్వాన్లు దిగరు. పడేవాడి కోసం మట్టిని మెత్తబరచడం మన తాలీంకు తెలుసు. ఐకిడో దాని మీద ఇంకో మెట్టు కట్టింది. పడేవాడి ఒంటిని మెత్తబరుస్తుంది, ఆపైన పడేసేవాడి చేతిని కూడా మెత్తబరుస్తుంది. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ రెండో పని గురించే.

ఈ విద్యను కట్టిన మొరిహెయి ఉయెషిబా 1883 డిసెంబరు 14న జపాన్‌లో వాకాయామా ప్రాంతంలోని తనాబె పట్టణంలో పుట్టాడు. మన వీరఘట్టం బిడ్డ కోడి రామ్మూర్తి నాయుడిది కూడా అదే తరం. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసుల్ని ఊపిరి బిగించి తెంచినవాడు, రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకున్నవాడు రామ్మూర్తి. వచ్చిన బరువును ఆపి మోయడం ఆయన గొప్ప. ఉయెషిబా పొట్టి మనిషి. కుర్రతనంలో ఆయన కూడా బలం కోసం పాకులాడినవాడే. నడివయసుకు వచ్చేసరికి మాత్రం వచ్చిన బరువు ఎటు పోదామనుకుంటోందో అటు దారి చూపడం మీద పడింది ఆయన ధ్యాసంతా. రామ్మూర్తి 1942లో కన్నుమూశారు. ఉయెషిబా విద్యకు ‘ఐకిడో’ అనే పేరు అధికారికంగా నిలబడింది కూడా ఆ ఏడాదే. ‘ఐ’ అంటే కలయిక, ‘కి’ అంటే మనం ప్రాణశక్తి అనుకునేదానికి దగ్గర మాట, ‘దో’ అంటే మార్గం.

శాంతి విద్య అని దీన్ని అందరూ అంటారు. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదని తెలిశాకే నాకు దీని మీద గౌరవం పెరిగింది. ఉయెషిబా 1912లో తనాబె నుంచి కొన్ని కుటుంబాలను వెంటబెట్టుకుని ఉత్తరాన హొక్కైదో దీవికి వలస వెళ్లాడు. అడవి కొట్టి, చలికి ఓర్చి షిరతాకి అనే ఊరు కట్టుకున్నారు. 1915లో హొక్కైదోలోనే ఆయనకు తాకెదా సోకాకు తారసపడ్డాడు. తాకెదా దైతో ర్యూ అనే జుజుత్సు సంప్రదాయానికి గురువు, కత్తి యోధుడు, ఎవరినీ తేలిగ్గా నమ్మని మనిషి. ఆయన నేర్పినవి కీళ్లు విరిచే పట్లు. 1919 చివర తండ్రికి జబ్బు చేసిందని తెలిసి ఉయెషిబా ఇంటికి బయల్దేరాడు. దారిలో అయాబె అనే ఊళ్లో ఆగి ఓమోతో మతశాఖ పెద్ద దెగూచి ఒనిసాబురోను కలిశాడు. ఇంటికి చేరేసరికి తండ్రి లేడు. మరుసటి ఏడాది కుటుంబంతో సహా అయాబెకు మారిపోయాడు. చేతికి వచ్చిన యుద్ధవిద్యకు, మనసులో పడిన ప్రార్థనకు అక్కడ ముడి పడింది.

ఆ ముడి వెంటనే బిగిసిందని చెప్పలేం. 1931లో తోక్యోలో సొంత దోజో, అంటే సాధనశాల, కట్టాక ఆయన సైనిక పాఠశాలల్లో పాఠాలు చెప్పాడు. గూఢచారులకు తర్ఫీదు ఇచ్చే నకానో పాఠశాలలోనూ చెప్పాడు. ఒసాకాలోని అసాహి పత్రికవాళ్లు 1935లో తీసిన ఫిలిం ఒకటి ఉంది. అందులో 51 ఏళ్ల ఉయెషిబా మెరుపులా కదులుతాడు. మీదికి వచ్చినవాళ్లు విసిరేసినట్టు పడతారు. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. యుద్ధం ముదిరిన 1942లో ఆయన రాజధానిలో పదవులన్నీ వదిలి ఇవామా అనే పల్లెకు వెళ్లి సేద్యం మొదలుపెట్టాడు. పొలం, చిన్న గుడి, పక్కనే సాధన చేసుకునే చోటు. యుద్ధం ఓడిపోయాక జపాన్‌లో యుద్ధవిద్యల మీద ఆంక్షలు వచ్చాయి. 1948లో ఆయన విద్యను నడిపే ఐకికై సంస్థకు ప్రభుత్వ గుర్తింపు దొరికేసరికి పాత పట్లన్నీ ఉన్నాయి గానీ వాటి అంచులు మారాయి. ఒక్కడే ఒక్క రాత్రిలో మార్చినవి కావు అవి. ఆయన కొడుకు కిస్షోమారు, ఇవామాలో వెంట ఉన్న మొరిహిరో సాయితో లాంటి శిష్యులు ఏళ్ల తరబడి చిత్రిక పట్టారు.

ఆ చిత్రిక ఎక్కడ కనిపిస్తుందో చెప్పడానికి ఒక్క పట్టు చాలు. షిహో నాగె. నాలుగు దిక్కుల విసురు అని అర్థం.

ఎదుటివాడు నా మణికట్టు పట్టుకున్నాడు. సహజంగా ఏం చేస్తాం? లాక్కుంటాం. లాగితే వాడి పట్టు బిగుస్తుంది, ఇద్దరి భుజాలూ పైకి లేస్తాయి, ఎవరి కండ ఎక్కువైతే వాడిది పైచేయి. షిహో నాగెలో చేతిని లాక్కోం. పట్టుకున్న చేతిని అక్కడే ఉండనిచ్చి మనం కదులుతాం. ఒక అడుగు పక్కకు వేసి, వేళ్లు చాచి, నడుము తిప్పుతాం. ఇంట్లో ఇసుర్రాయి తిప్పిన అమ్మలకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. నడిమి కీల కదలదు, పైరాయి మాత్రం తిరుగుతుంది. గుంజితే పిండి రాదు, చుట్టూ తిప్పితేనే వస్తుంది. నా కంటే పదిహేనేళ్లు చిన్నవాడు, సాధనలో ఆరేళ్లు పెద్దవాడు అయిన మిత్రుడొకడు నన్ను ఇప్పటికీ ఇక్కడే ఆపుతాడు. “చేయితో చేస్తున్నారన్నా. నడుముతో రండి.”

ఆ తిరుగుడుకు ఎదుటివాడి బరువు కాలి మునివేళ్ల మీదికి వస్తుంది. పడలేదు, కానీ నిలబడ్డట్టూ కాదు. ఇప్పుడు రెండు చేతులతో వాడి మణికట్టును పట్టుకోవాలి. పట్టుకునే తీరులోనే పనితనమంతా ఉంది. బొటనవేలు, చూపుడువేలు వదులుగా, చిటికెన వేలు, ఉంగరం వేలు గట్టిగా. కత్తి పిడిని పట్టుకునే తీరు అది. తర్వాత ఆ చేతిని కత్తిని ఎత్తినట్టే నుదుటి ముందుగా పైకెత్తి, దాని కిందుగా ముందుకు నడిచి, రెండు పాదాల మీదా అర్ధచక్రం తిరుగుతాం. ఎప్పుడూ చేతులు మన ముఖం ఎదుటే ఉండాలి. పక్కకు జారాయా, బలం జారినట్టే. తిరిగాక అదే కత్తిని ముందుకు నరికినట్టు కిందికి దించుతాం. కత్తి లేదు. ఉన్నదల్లా ఒక మనిషి చేయి. ఐకిడోలో చెక్క కత్తి బొక్కెన్, చేతికర్ర జో ఎందుకు నేర్పుతారో నాకు ఈ పట్టుతోనే అర్థమైంది. ఆ కదలిక కత్తిది. కత్తిని తీసేసి కదలికను ఉంచుకున్నారు.

అసలు చూడాల్సింది చివరి జానెడు దూరం. ఎదుటివాడి చేయి మడతపడి, వాడి అరచేయి వాడి భుజం దగ్గరికే, వీపు గీసుకోబోయినట్టు వస్తుంది. మోచేయి మొన ముందుకు, పైకి చూస్తూ ఉంటుంది. నేను ఆ చేతిని భుజానికి దగ్గరగా ఉంచి కిందికి దించితే వాడి నడుము వెనక్కి వంగుతుంది, మోకాలు మడుచుకుంటుంది, కూర్చున్నట్టు కూర్చుని వీపు మీదికి దొర్లుతాడు. నాలుగంగుళాలు బయటికి లాగానా, అదే చేయి పలుపుతాడులా మెలిపడి మోచేతి కీలు, భుజం కీలు తెగే దారిలో పడుతుంది. పాత జుజుత్సులో ఎదుటివాడి మోచేతిని తిరగేసి మన భుజం మీద ఆనించి విరిచే పద్ధతి కూడా ఉంది. మొదటి అడుగు ఒకటే, తిరుగుడు ఒకటే, తేడా అంతా ఆ నాలుగంగుళాలది. ఐకిడో శాంతి ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను దాన్ని మంత్రాల్లోనో, పేరులోనో చూపించను. ఇక్కడ, చేతికీ భుజానికీ మధ్య చూపిస్తాను.

వడ్రంగి పనిలో రెండు చెక్కలు కలిసే కూసం దగ్గర మంచి పనివాడు తెలుస్తాడు. తలుపు ముఖం ఎవరైనా నున్నగా చేస్తారు. ఈ పట్టులో కూసం ఆ మడత.

మడత సరిగ్గా వచ్చినా పని అయిపోలేదు. చేతిని మధ్యలో వదిలేయకూడదు. వాడి వీపు మ్యాటును తాకేదాకా కిందికి దించుతూనే వెంట వెళ్లాలి. ఎందుకంటే షిహో నాగె ప్రమాదకరమైన పట్టు. వేగంగా విసిరితే పడేవాడికి రెండో చేయి నేలకు కొట్టుకునే వ్యవధి ఉండదు, తల వెనకభాగం ముందు తగులుతుంది. జపాన్ విశ్వవిద్యాలయాల క్లబ్బుల్లో కొత్త విద్యార్థులకు ఇలా తలకు దెబ్బ తగిలి ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. వాటి గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. శాంతి అని పేరు పెట్టుకున్నంత మాత్రాన పట్టు శాంతపడదు. ప్రతిసారీ, ప్రతి మనిషితో, చేసేవాడి చేయి దాన్ని కొత్తగా శాంతపరచాలి. అలసిపోయినప్పుడు కూడా. కోపంగా ఉన్నప్పుడు మరీ.

మిగతా పట్లలోనూ ఇదే తీరు. ఇక్క్యోలో మోచేతిని వాడి చెవి వైపు నడిపి నేలకు దించుతాం. నిక్యోలో మణికట్టు మడత వల్ల పుట్టే పదునైన నొప్పికి మోకాళ్లు తమంతట తాము వంగుతాయి. ఇరిమి నాగెలో వచ్చేవాడికి ఎదురెళ్లి, ఢీకొట్టకుండా, వాడి వెనక ఉన్న ఖాళీలోకి చొరబడతాం. ఇరిమి అంటేనే ఒంటిని లోపలికి పెట్టడం. చెప్పినంత సులువు కాదు, అక్కడి దాకా నేనింకా రాలేదు కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. దూరం సంగతి మాత్రం చెప్పాలి. మా-ఐ అంటారు, ఇద్దరి మధ్య సరైన ఎడం. శంషాబాద్ దగ్గర బెంగళూరు హైవే దాటే ముసలమ్మను గమనించండి. లారీ ఎంత దూరంలో ఉంటే అడుగు వేయాలో, ఎంత దగ్గరైతే ఆగాలో ఆమె పాదానికి తెలుసు. లెక్క వేయదు. సాధన అంతా ఆ తెలివిడిని పాదానికి ఎక్కించడమే.

ఐకిడో మీద ఒక విమర్శ ఉంది. ఎదుటివాడు సహకరిస్తున్నాడు కాబట్టే పడుతున్నాడు, వీధిలో ఎవడు పడతాడు, అని. పోటీలు లేవు కాబట్టి నిజం తేలదు అని కూడా అంటారు. కెంజి తోమికి అనే శిష్యుడు తన శాఖలో పోటీలు పెట్టాడు గానీ ఐకికై సంప్రదాయంలో గెలుపోటములు లేవు. విమర్శలో సగం నిజం ఉంది. తాకకముందే పడిపోయే జోడీని నేనూ చూశాను. అది పనితనం కాదు, పొగడ్త. పట్టేవాడు నిజంగా పట్టాలి, కొట్టేవాడి చేయి నిజంగా తగిలే చోటికి రావాలి. రాకపోతే పట్టు చేసేవాడు గాలితో పనిచేస్తున్నట్టు.

మిగతా సగంతో మాత్రం నేను ఒప్పుకోను. పడేవాడిని కూడా ఉకె అనే అంటారు. సహకారం అని తేలిగ్గా అనేది నిజానికి ఆయన చేతిపని. నిజాయితీగా పట్టుకుని, బరువు ఇచ్చి, ఎక్కడ తన నిలకడ పోయిందో ఒంటితో విని, కీలు తెగే దారిలోకి వెళ్లకుండా, పారిపోకుండా, ఉన్న ఒక్క దారిలో పడాలి. తబలా లేని పాటలో గాయకుడి తాళం తప్పు పట్టుబడదు. మంచి ఉకె దొరికితే నా పట్టులోని లోటు నాకే తెలుస్తుంది. నాకు తెలిసినదంతా నేను పడేసినవాళ్ల నుంచే నేర్చుకున్నాను. పోటీ ఉంటే వాళ్లు ఆ పాఠం నాకు ఎందుకు చెబుతారు?

మేం సాధన చేసే గదిలో జపాన్ గడ్డి తతామి లేదు. ముక్కలు ముక్కలుగా కలుపుకునే ఫోమ్ మ్యాట్లు పరుచుకుంటాం. అంచులు సరిగ్గా అతుక్కున్నాయా లేదా అని అరికాలితో తడిమి చూసుకుంటాం, సందులో బొటనవేలు ఇరుక్కుంటే గోరు లేచిపోతుంది. మోకాళ్ల మీద కూర్చుని, వంగి, ‘ఒనెగాయ్‌షిమాస్’ అంటాం. దయచేసి నాతో సాధన చేయండి అని అర్థం. పెద్దా చిన్నా తేడా లేకుండా ఇద్దరూ ఒకరికొకరు అంటారు. సీనియర్లు నడుముకు కట్టుకునే పావడా లాంటి హకామాకు ముందు ఐదు, వెనక రెండు మడతలు. క్లాసు అయ్యాక దాన్ని నేల మీద పరిచి, ఒక్కొక్క మడతా చేత్తో సాపు చేసి, నాడాలు పేని, పుస్తకమంత చేసి పెడతారు. గద్వాల చీర మడత పెట్టే మా అమ్మమ్మ గుర్తొస్తుంది నాకు. అంత ఓపిగ్గా మడిచే చేయి ఎదుటివాడి మోచేతిని తొందరపడి మెలిపెట్టదని నా నమ్మకం.

సాయంత్రం చివరి భాగంలో జోడీలు మారతాయి. మొన్న నా ఎదుట నిలబడ్డ అమ్మాయి ఎయిర్‌పోర్టులో ఉద్యోగం చేస్తుంది. రాత్రి డ్యూటీకి ముందు వచ్చి ఒక గంట చేసి వెళుతుంది. నా కంటే అడుగు పొట్టి. “గట్టిగా పట్టుకోండి సార్, మొహమాటపడకండి” అంది. పట్టుకున్నాను. ఎప్పుడు నా మడమలు లేచాయో తెలీదు. చేయి భుజం దగ్గరికి వచ్చింది, పైకప్పు కనిపించింది, వీపు కింద మ్యాటు వచ్చింది. ఎక్కడా కుదుపు లేదు. నేను లేచేదాకా నా మణికట్టు ఆమె చేతిలోనే ఉంది.

రివాజు ప్రకారం ఒకరు నాలుగుసార్లు చేస్తారు. కుడివైపు, ఎడమవైపు, మళ్లీ కుడి, ఎడమ. తర్వాత వంతులు మారతాయి. ఆమె నాలుగూ అయ్యాయి. అవతల ఏదో విమానం దిగుతున్న చప్పుడుకు కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. ఆమె నా మణికట్టు పట్టుకుంది, నిజంగానే గట్టిగా. నేను నడుము తిప్పాను, చేయి ఎత్తాను, కిందుగా వెళ్లి తిరిగాను. ఆమె అరచేయి ఆమె భుజాన్ని తాకిందో లేదో చూసుకున్నాను. అప్పుడు దించాను, నెమ్మదిగా, ఆమె వీపు నేలకు ఆనేదాకా.

“బాగుంది సార్. ఇంకా మూడు.”